మా పాపకి తగ్గింది, పాలు మాన్పించొద్దని నా పక్కన నిలబడ్డ వాళ్ళందరికీ థాంక్స్

అందరికీ నమస్తే అండి. పాప ఎలా ఉందని ఫోన్లు చేసిన వాళ్ళకి, మెసేజ్‌లు పెట్టిన వాళ్ళకి విడివిడిగా రిప్లై ఇవ్వలేకపోయాను, ఏమనుకోకండి. ఇప్పుడు బాగానే ఉంది, నిన్నటి నుంచి మెత్తగా పిసికిన పప్పన్నం తింటోంది, ఇల్లంతా తిరుగుతోంది. ఈ పోస్ట్ థాంక్స్ చెప్పడానికే, కాస్త పెద్దదే అవుతుంది, ఓపికుంటే చదవండి.

తెలియని వాళ్ళకోసం జరిగింది చెప్తాను. పాపకి ఏడాది ఎనిమిది నెలలు, ఇంకా నా పాలు తాగుతుంది. ఉన్నట్టుండి సాయంత్రం వాంతులు మొదలయ్యాయి, తెల్లారేసరికి నీళ్ళ విరేచనాలు, మధ్యాహ్నానికల్లా కళ్ళు లోపలికి పోయాయి, ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావట్లేదు, ఉచ్చ పోసి చాలాసేపైంది. జావ వద్దు, పెరుగన్నం వద్దు, కొబ్బరినీళ్ళు పోస్తే ఊసేస్తోంది, ఏం చూపించినా మొహం తిప్పేసుకుని నా జాకెట్టు లాగుతోంది, దానికి కావాల్సింది పాలొక్కటే.

ఇక అప్పుడు మొదలయ్యాయండి సలహాలు. పళ్ళొస్తున్నాయి అందుకే అన్నారు ఒకరు, నీ పాలు పులిసిపోయాయి అన్నారు ఇంకొకరు, నువ్వు ఆవకాయ తిన్నావు ఆ వేడి పాలల్లోకి దిగింది అన్నారు, ఏడాది దాటాక పాలల్లో ఏముంటుందమ్మా నీళ్ళు తప్ప, వేపాకు నూరి రాసెయ్యి రెండ్రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది అని కూడా చెప్పారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, అందరూ పాప మీద ప్రేమతోనే అన్నారు. కానీ మొదట తీసుకెళ్ళిన క్లినిక్‌లో కూడా ముందు ఆ పాలు ఆపించండి అనేసరికి నాకు కాళ్ళలో సత్తువ పోయింది, పిల్ల నోట్లోకి పోయేదే అదొక్కటి, దాన్నీ ఆపేస్తే ఇంకేం మిగిలిందని.

అందుకని ఫస్ట్ థాంక్స్ పిల్లల డాక్టర్ గారికి. మేం చెప్పిందంతా విని, మా అత్తయ్య గారిని కూడా కూర్చోబెట్టి ఆవిడకి కూడా అర్థమయ్యేలా చెప్పారు. ఒంట్లో నీళ్ళన్నీ బయటికి పోతుంటే పిల్ల ఇష్టంగా తాగుతున్న ఒక్కటీ మనం ఎందుకు లాక్కోవాలమ్మా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఇవ్వనీయండి అన్నారు. రెండో ఏడాదిలో కూడా పిల్లకి కావాల్సిన శక్తిలో మూడో వంతు దాకా తల్లిపాల నుంచే వస్తుందట, డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) వాళ్ళు రెండేళ్ళు, ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు అని చెప్పేది ఊరికే కాదన్నారు. పాపతో పాటు ఆ క్రిములు నీ ఒంట్లోకి కూడా వచ్చుంటాయి, వాటి మీద నీ ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు పాలతో దానికి అందుతాయి అని కూడా చెప్పారు. విరేచనాలు రాకుండా వేసే రోటా వైరస్ టీకా చుక్కలు మూడు డోసులూ వేయించాం కదండీ మరెందుకొచ్చింది అని మా ఆయన అడిగితే, విరేచనాలు తెప్పించే వైరస్‌లు చాలా ఉన్నాయి, ఆ చుక్కలు రోటాకి మాత్రమే, అవి వేయించడం మంచి పనే అన్నారు. (ప్రభుత్వ టీకాల్లో రోటా చుక్కలు 2016లో మొట్టమొదట మొదలుపెట్టిన 4 రాష్ట్రాల్లో మన ఆంధ్రా ఒకటి, చిన్నపిల్లలున్న వాళ్ళు 6, 10, 14 వారాలకి తప్పకుండా వేయించండి.)

మా వీధి చివర మెడికల్ షాప్ అన్నయ్యకి కూడా చాలా థాంక్స్. చుట్టాలెవరో చెప్పారని మా ఆయన ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మే టెట్రా ప్యాక్ తియ్యటి డ్రింక్ అడిగితే, విరేచనాలకి అది వద్దు సార్ అని చెప్పి డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు ఇచ్చాడు, ఎక్కువ రేటుది అమ్ముకోవచ్చు కదా, అమ్మలేదు. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, పంచదార ఎక్కువున్న డ్రింకులు పడితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిమీదే ఏళ్ళ తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబర్‌లో ఆ ఫార్ములా కాని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆర్డర్ ఇచ్చింది. ఆవిడ నాకు పరిచయం లేదు గానీ ఇలాంటి వారం గడిచాక ఆవిడకి దండం పెట్టాలనిపించింది.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది సిస్టర్ గారి గురించి. పాపకి నీళ్ళు బాగా తగ్గిపోయాయని అడ్మిట్ చేసి సెలైన్ పెట్టారు, ఎడమ చేతికి కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టి కదలకుండా అట్ట కట్టారు, అది పాలకోసం నా మీదికి ఎగబడడం, ఆ చెయ్యి ఎక్కడ నలుగుతుందోనని నేను భయపడడం. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి నన్ను మంచం మీద పక్కకి తిరిగి పడుకోమన్నారు, పాపని నావైపు తిప్పి ఆ చెయ్యి పైన ఉండేలా కింద మడత దుప్పటి పెట్టారు, కర్టెన్ వేసి అప్పుడు తాగనివ్వమన్నారు, పాప అలా తాగుతూ నిద్రపోయింది. వాంతి అవ్వగానే పది నిమిషాలు ఆగు, తర్వాత కొంచెంసేపు ఇచ్చి తీసెయ్యి, మళ్ళీ అడిగితే మళ్ళీ ఇవ్వు, ఒకేసారి పొట్టనిండా తాగితే మళ్ళీ కక్కేస్తుంది, మధ్యమధ్యలో ఓఆర్‌ఎస్ రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టు అని చెప్పి అక్కడే నిలబడి చూశారు. నేను ఎన్నిసార్లు పిలిచినా విసుక్కోలేదండి, వార్డంతా పిల్లలే, అయినా విసుక్కోలేదు.

ఒక పూట పాప మరీ నీరసపడి సరిగ్గా తాగలేకపోయింది, నాకు రొమ్ములు రాళ్ళలా గట్టిపడి చలిజ్వరం వచ్చేలా ఉంది. అప్పుడు కూడా ఆవిడే గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, చేత్తో పాలు ఎలా తియ్యాలో చూపించారు, నల్లటి భాగానికి కొంచెం వెనక బొటనవేలూ చూపుడువేలూ ఆనించి లోపలికి నొక్కి దగ్గరికి అదమడం, నొప్పి రాకూడదు, చర్మం రుద్దకూడదు. తీసిన పాలు సీసాలో వద్దు, అది సరిగ్గా కడగడం కష్టం, ఇప్పుడు ఇంకో ఇన్ఫెక్షన్ ఎందుకు అన్నారు. అదంతా వింటున్న మా అత్తయ్య గారు ఆటో ఎక్కి ఇంటికెళ్ళి మా ఆయన చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె మరగబెట్టి పట్టుకొచ్చారు, పాపకి మెలకువ వచ్చినప్పుడల్లా ఆ పాలు ఆవిడ చేత్తోనే కొంచెం కొంచెంగా పట్టారు.

అత్తయ్య గారికి నేను ఇంట్లో చెప్పాను గానీ అందరి ముందూ చెప్పాలి. మొదట్లో ఆవిడ కూడా మాన్పించమనే అన్నారు, డాక్టర్ గారి మాట విన్నాక మాత్రం ఇంక నా దాకా ఒక్క మాట రానివ్వలేదు, ఎవరు ఫోన్ చేసినా ఆవిడే ఎత్తి, పాలు ఇవ్వమన్నారు ఇస్తోంది, ఆ సంగతి వదిలెయ్యండి అని చెప్పేవారు. మామయ్య గారు లీటరు నీళ్ళు కాచి చల్లార్చి ప్యాకెట్ మొత్తం కలిపి, కలిపిన టైం సీసా మీద రాసి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలిపేవారు, ఎన్ని విరేచనాలు ఎన్నిసార్లు ఉచ్చ అన్నది పుస్తకంలో రాసిపెట్టారు, డాక్టర్ గారు రౌండ్స్‌కి వస్తే ముందు ఆ పుస్తకమే అడిగేవారు.

మా పై పోర్షన్ ఆంటీ రెండు పూటలా క్యారేజీ పంపారు, చారన్నం, బీరకాయ కూర, మజ్జిగ, దాంతో పాటు పెద్ద సీసాతో నీళ్ళు, నువ్వు తాగితేనే కదమ్మా దానికి వచ్చేది అని. రోజంతా పాపకి రొమ్ము ఇస్తూ కూర్చుంటే నాకు ఆకలేస్తోందో లేదో కూడా తెలిసేది కాదు, పాలు ఇవ్వు అని అందరూ చెప్తారు, ఇచ్చేదానికి అన్నం ఎవరు పెడతారండి, ఆంటీ పెట్టారు. మా స్కూల్లో హెచ్‌ఎం గారు ఒక్క ప్రశ్న వెయ్యకుండా సెలవిచ్చారు, నా క్లాసులు తోటి టీచర్లు పంచుకున్నారు. మా ఆయన బట్టలన్నీ ఉతికారు, ఆయనకి థాంక్స్ చెప్తే నవ్వుతారు, అయినా థాంక్స్. ఇంటికొచ్చాక మా ఏరియా ఆశా అక్క వచ్చి జింక్ టాబ్లెట్ 20 ఎంజీ రోజుకొకటి, విరేచనాలు ఆగినా సరే 14 రోజులూ వెయ్యాలి అని గట్టిగా చెప్పి వెళ్ళింది, ఇప్పుడు అదే వేస్తున్నాం.

పాలు తాగే పిల్లలున్న అమ్మలు ఎవరైనా ఇది చదువుతుంటే, పాలు ఇస్తున్నాం కదా అని ఇంట్లోనే ఉండిపోకండి, పిల్ల మత్తుగా పడుంటే, తాగలేకపోతే, ఉచ్చ ఆగిపోతే, విరేచనంలో రక్తం పడితే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, దార్లో కూడా పాలు ఇవ్వండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మా దగ్గర మిగిలాయి, మా వీధిలో ఎవరికైనా అర్ధరాత్రి అవసరమైతే బెల్ కొట్టండి.

సిస్టర్ గారు, డిశ్చార్జ్ అయిన పొద్దున మీ డ్యూటీ అయిపోయిందన్నారు, చెప్పకుండానే వచ్చేశాం. ఈ పోస్ట్ మీ దాకా వస్తే ఈ వారం మీకు ఏ షిఫ్టో ఒక్క మెసేజ్ పెట్టండి, పాపని తీసుకొస్తాం, అత్తయ్య గారు మీకోసం సున్నుండలు చేస్తానంటున్నారు.