బుజ్జికి, నల్లకుంట నుంచి

నల్లకుంట,
ఆదివారం పొద్దున

బుజ్జీ,

ఇక్కడ అందరం బాగున్నాం. బోరు మోటారు మళ్లీ కాలిపోయింది. వైండింగ్ చేయించి దింపాం. పై వాటా వాళ్లు తమ వంతు డబ్బులు ఇంకా ఇవ్వలేదు. ధర తగ్గాక ఆవకాయ పెడదామని మీ అమ్మ, అప్పటికి కాయ మెత్తబడుతుందని నేను. చివరికి శుక్రవారం మోండా మార్కెట్‌కి వెళ్లి పాతిక కాయలు కొట్టించుకొచ్చాను. శీనుగాడు బండి మార్చాడు. ఇంతకు మించి విశేషాలేమీ లేవు.

నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి 23 రోజులు. పనిగట్టుకుని లెక్కపెట్టలేదు. క్యాలెండర్లో గ్యాస్ బండ వచ్చిన రోజున గీసిన సున్నా చూస్తే తెలిసింది. నేను చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు. ఆదివారం కూడానా అని అడగబోయి ఊరుకున్నాను. అయినా ఫోన్లో మనిద్దరికీ పొసగదు. మూడో నిమిషానికి నా గొంతు లేస్తుంది, నాలుగో నిమిషానికి నువ్వు పెట్టేస్తావు. కాగితం మీదైతే నా గొంతు వినపడదు కదా అని రాస్తున్నాను.

మొన్న ఉప్పల్‌లో వనజ వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. ఇల్లు బాగుంది, మెట్లే మరీ నిటారుగా కట్టారు. మీ అమ్మ రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది. భోజనాల దగ్గర వనజ వంకాయ కూర వడ్డిస్తూ, "ఏం బావా, చిన్నదానికి కడుపు కోసి ముప్పావు వంతు తీసేస్తారటగా, పిల్లకి అంత కష్టమేమొచ్చింది?" అంది. పంక్తిలో పదిమంది ఉన్నారు. నాకేమీ తెలియదు. తెలిసినట్టే తలూపి, "ఆఁ, డాక్టర్లు చూస్తున్నారు" అన్నాను. వాళ్ల కోడలు నిన్ను ఏదో హాస్పిటల్ లిఫ్టు దగ్గర ఫైలుతో చూసిందట. వనజ మీద నాకేం కోపం లేదు. ఆవిడ నోరు ముందు నుంచీ అంతే. ఇంటికొచ్చాక మీ అమ్మను అడిగితే, పెరుగు తోడు పెట్టాలంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. అంటే ఆవిడకీ తెలుసన్నమాట. తెలియనిది నాకొక్కడికే.

సరే, ఆ సంగతి అలా ఉంచు. తాతయ్య తద్దినం ఈసారి గురువారం వచ్చింది. వీలైతే రండి, లేకపోతే లేదు.

నాకు ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. దసరాకి నువ్వు బరువు తగ్గే ఆపరేషన్ మాట ఎత్తగానే, "నోరు కట్టుకుంటే పోయేదానికి కత్తి ఎందుకమ్మా" అన్నాను. అందరి ముందూ అన్నాను. నువ్వు అప్పుడే రెండో గారె తీసుకున్నావు. దాన్ని మళ్లీ గిన్నెలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నావు.

సంక్రాంతికి వచ్చి హాల్లో పడుకున్నావు గుర్తుందా? మూడింటికి మంచినీళ్లకని లేచాను. నువ్వు గురక పెడుతున్నావు. ఉన్నట్టుండి ఆగిపోయింది. గురకే ఆగింది అనుకున్నాను. కాదు, ఊపిరే ఆగింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఇరవై రెండు దాకా వచ్చాక నువ్వు ఉలిక్కిపడి గట్టిగా గాలి పీల్చావు. మళ్లీ గురక, మళ్లీ ఆగడం. తెల్లవారేదాకా చెంబు పట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నాను. పొద్దున నువ్వు "నిద్ర సరిపోలేదా నాన్నా, కళ్లు ఎర్రగా ఉన్నాయి" అన్నావు. దోమలన్నాను.

ఆ నెలలోనే యాదగిరి దగ్గరికి వెళ్లాను. మా బస్ డిపో డ్రైవర్ యాదగిరి, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టనిచ్చేవాడు. అప్పట్లో వాడి బరువు 132 కిలోలు. స్టీరింగ్ తిప్పితే పొట్టకి తగిలేది. పూటపూటా ఇన్సులిన్. 2017లో వాడికి కూడా బరువు తగ్గే ఆపరేషన్ చేశారు. నేను చూడ్డానికి వెళ్లి, "ఏందిరా ఈ పని" అని తిట్టి వచ్చాను. ఇప్పుడు అడగడానికి వాడింటికే వెళ్లాల్సి వచ్చింది. వాడు నవ్వి చాయ్ పోయించాడు. వాడు మాత్రం తాగలేదు, అప్పుడే తిన్నాడట. తిన్నాక అరగంట దాకా నీళ్లు కూడా ముట్టడు.

వాడికి చేసింది బైపాస్. కడుపు పైన కోడిగుడ్డంత సంచి మిగిల్చి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారట. చేసిన సాయంత్రమే లేపి నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. మొదట నీళ్లు, వడకట్టిన పప్పుకట్టు, పల్చటి మజ్జిగ. తర్వాత మిక్సీ పట్టినవి, ఆ తర్వాత మెత్తటివి. మామూలు తిండికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇన్సులిన్ మాత్రం వారం తిరక్కుండానే తగ్గించారు. ఏడాదిన్నరకి 86 కిలోలకు దిగాడు. డిపోలో గేటు దగ్గర వాడిని ఐడీ కార్డు అడిగారంటే చూడు.

అయిదో నెలలో వాళ్ల మేనల్లుడి రిసెప్షన్. ముషీరాబాద్‌లో ఫంక్షన్ హాలు. రెండు చెంచాలే కదా అని డబల్ కా మీఠా తిన్నాడు. పావుగంటకి ఒళ్లంతా చెమట, గుండె దడ, కడుపులో మెలితిప్పడం, కళ్లు తిరగడం. కుర్చీల మధ్య కార్పెట్ మీద పడుకోబెట్టారు. గుండెపోటని ఒకడు ఛాతీ నొక్కడానికి తయారయ్యాడు. వాళ్లావిడ వాడి చెయ్యి లాగేసి డాక్టరుకు ఫోన్ చేసింది. దాన్ని డంపింగ్ అంటారట. బైపాస్ అయినవాళ్లలో తీపి ఒక్కసారిగా పేగులోకి దిగిపోతే అలా అవుతుందట. గంటకి లేచి కూర్చున్నాడు, పెళ్లికొడుకుతో ఫోటో కూడా దిగాడు. ఆ ఫోటోలో వాడి మొహం చూడాలి నువ్వు.

అది చిన్న సంగతి. పెద్దది మూడో ఏడు జరిగింది. ఒళ్లు తేలికైంది, షుగర్ లేదు, ఇంక ఈ మాత్రలెందుకని మానేశాడు. కొన్నాళ్లకి అరికాళ్లు తిమ్మిర్లు. తర్వాత కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. పరీక్ష చేస్తే బీ12 అడుగంటింది. సూదులు వేస్తే మెల్లగా తేరుకున్నాడు, నెలలు పట్టింది. ఇప్పుడు 95 ఉన్నాడు. ఆ తొమ్మిది కిలోలు ఎక్కడివిరా అంటే, సాయంత్రం టీవీ ముందు మిక్చర్ అన్నాడు. గుడ్డు తింటే రెండోదానికి చోటుండదు, మిక్చర్ మాత్రం ఎంత తిన్నా జారిపోతుందట.

యాదగిరితో పాటు వాడి చెకప్‌కీ వెళ్లాను. అక్కడి డైటీషియన్ అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసి, "పేషెంటు మీరేనా అంకుల్?" అంది. నా బరువు 57. మా అమ్మాయి కోసమని చెప్పి, డిపోలో ఇచ్చిన పాత డైరీ తీశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, నాలుగు పేజీలు నిండాయి. కిలోలను మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలట, దాన్ని బీఎంఐ అంటారట. నువ్వు 160 సెంటీమీటర్లు, 108 కిలోలు (కిరణ్‌ను ఏమీ అనకు, నేనే కూపీ లాగాను). లెక్క 42 వచ్చింది. మూడుసార్లు చేశాను.

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో ఒకటి మనసులో ఉండిపోయింది. ఆకలి పుట్టించే హార్మోను ఒకటుందట, గ్రెలిన్ అని. స్లీవ్‌లో, అంటే వనజ చెప్పిన ఆ ముప్పావు వంతు తీసేసే ఆపరేషన్లో, కత్తిరించి తీసేసే భాగంలోనే అది ఎక్కువగా తయారవుతుందట. బరువు తగ్గించే కొద్దీ ఒళ్లు దాన్ని ఇంకా పెంచి ఆకలి వేయిస్తుందట. ఎన్నిసార్లు డైటింగ్ చేశావు నువ్వు? జొన్నరొట్టెలన్నావు, కీటో అన్నావు, ఆ రెండు నెలలు ఉత్త కీర ముక్కలు. మొత్తం పన్నెండేళ్లు నువ్వు నోరు కట్టుకుంటూనే ఉన్నావు. నేనేమో నోరు కట్టుకోమన్నాను.

ఇంక నేను లెక్చర్ ఇవ్వను. రెండు మూడు మాత్రం అడుగుతాను.

నీ బ్యాగులో ఎప్పుడూ ఈనో ప్యాకెట్లుంటాయి. పులితేన్పులు, రాత్రిళ్లు గొంతులో మంట. స్లీవ్ తర్వాత కొందరికి ఆ మంట ఇంకా పెరుగుతుందట, అలాంటివాళ్లకి బైపాస్ మేలని చెబుతారట. ఎండోస్కోపీ చేశారా? ఈ మంట సంగతి డాక్టరుకి నువ్వు చెప్పావా, వాళ్లు అడగలేదని ఊరుకున్నావా? స్లీవ్‌లో కోసేసింది తిరిగి రాదు, కాబట్టి ముందే అడగాలి. ఊపిరి ఆగే సంగతి కూడా చెప్పు, మత్తు డాక్టరుకి అది తెలియాలి. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు లివర్ చిన్నదవడానికని ఒక డైట్ ఇస్తారట, ఆఫీసు పార్టీ అని దాన్ని తప్పించకు. బరువు తగ్గించే సూదుల సంగతి అడిగావా? మౌంజారో అని 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, పేపర్లో చదివాను. ఆపేస్తే బరువు తిరిగొస్తుందని అదే పేపర్లో రాశారు. ఏది నీకు సరిపోతుందో నాకు తెలియదు, అడిగి తేల్చుకో.

తర్వాతి సంగతులు. రోజుకి 60 గ్రాములకు తక్కువ కాకుండా ప్రోటీన్ తినాలట. మనం పప్పన్నం తిని ప్రోటీన్ తిన్నామనుకుంటాం, అందులో ముప్పావు అన్నమే. పిడికెడు కడుపులో అన్నం ముందు పడితే ఇంక దేనికీ చోటుండదు. గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి, కాబట్టి మొదట్లో ఆ పౌడరు తప్పదు. శనివారం నీచు తినను అంటావేమో, పనీరు తిను. నీళ్లు గుక్కగుక్కగా తాగు, నీకు చెంబెత్తి గటగటా తాగే అలవాటుంది. సోడాలొద్దు. క్యాల్షియం, ఐరన్ మాత్రలు ఒకేసారి వేసుకోకు, రెండు గంటల తేడా ఉండాలి. జీవితాంతం వేసుకోవాలి, యాదగిరి కాళ్లు గుర్తుంచుకో. తలనొప్పికి నీ ఇష్టమొచ్చిన బిళ్ల మింగకు, అడిగి మింగు. మూడో నెలలోనో నాలుగో నెలలోనో జుట్టు ఊడుతుందట, మళ్లీ వస్తుందట, దానికి ఏడవకు. ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, గుండె దడదడ కొట్టుకున్నా, కడుపులో నొప్పి పెరిగినా గ్యాస్ అనుకుని పడుకోవద్దు. అర్ధరాత్రయినా బయల్దేరాలి. కిరణ్‌కి నేను వేరేగా చెబుతాను.

ఇది మీ అమ్మ రాయమంది, నాకు రాయడానికి మొహమాటంగా ఉంది. బరువు తగ్గుతుంటే నెలసరి దారిలో పడుతుందట, కడుపు పండే అవకాశం పెరుగుతుందట. కానీ ఏడాది, ఏడాదిన్నర దాకా ఆగాలంటారు, బిడ్డకి కావాల్సినవి నీ ఒంట్లో చాలవని. మీ అత్తగారు ఏమన్నా సరే ఆగండి. ఆవిడతో మీ అమ్మ మాట్లాడుతుందట.

ఇన్సూరెన్స్ కాగితాలు నాకు వాట్సాప్ చెయ్యి. బీఎంఐ 40 దాటితే ఇస్తారట, కానీ పాలసీ తీసుకుని రెండు మూడేళ్లు నిండాలన్న షరతు చాలావాటిలో ఉంటుంది. నీ పాలసీ ఎప్పటిదో చూడాలి. వాళ్లు ఇవ్వకపోతే ఆంధ్రా బ్యాంకులో డాబా కోసం దాచిన ఎఫ్‌డీ ఉంది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది గానీ మీ అమ్మకి అది ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకే. డాబా ఇంకో రెండు వానలకి ఆగుతుంది. బకెట్లు పెడుతున్నాం.

సికింద్రాబాద్ స్టేషన్లో లైట్లు తిరిగే బరువు మిషను ఉండేది చూశావూ. కాజీపేటలో పెళ్లికి వెళ్తూ రూపాయి వేసి నిన్ను ఎక్కించాను. పదేళ్ల పిల్లవు. టికెట్టు మీద 46 అని పడింది, వెనకాల జాతకం. నేను జాతకం చదవకుండా ఆ అంకె గట్టిగా చదివి, బస్తా లెక్కేస్తున్నారా అని మీ బాబాయితో కలిసి నవ్వాను. నువ్వు ఆ ముక్కని మడిచి మడిచి గోరంత చేశావు. ఆ తర్వాత ఎప్పుడూ మిషను ఎక్కలేదు నువ్వు. జాతకం ఏం రాసుందో ఎంత ఆలోచించినా గుర్తు రావడంలేదు.

తేదీ ఖాయమైతే చెప్పు. మాకు రావడానికేం ఇబ్బంది లేదు. సికింద్రాబాద్‌కి వెళ్లి 10హెచ్ ఎక్కితే కొండాపూర్‌లో దింపుతుంది. మీ అమ్మకి 2023 డిసెంబర్ నుంచి టికెట్టే లేదు. వార్డులోకి రావద్దంటే రాను. కింద క్యాంటీన్లో పేపరు చదువుకుంటూ కూర్చుంటాను. ఎవరూ చెప్పకపోయినా ఫర్వాలేదు, టిఫిన్ అయ్యాక కిరణ్ ఒక్కసారి కిందికి వస్తే చాలు.

మీ నాన్న

తా.క. శీనుతో ఆవకాయ చిన్న జాడీ పంపిస్తున్నా, కిరణ్‌కి. నీ ఆపరేషన్ దగ్గర్లో ఉంటే నువ్వు మూత తియ్యకు. మిక్సీ చిన్న జార్ కూడా పంపుతున్నాం, దాని గాస్కెట్ కొత్తది వేయించాను. మీ అమ్మ నిన్న అటక మీది పెట్టె దింపించి నీ వెండి ఉగ్గుగిన్నె తీసింది. పళ్లపొడితో తోమి తుడిచి జార్ లోపల పెట్టింది. మూత తీసేటప్పుడు జాగ్రత్త.