వీడియో ప్రాజెక్టులకి మార్కులు వేసే సంగతి

ఒరే రవీ,

నువ్వు పంపిన రూబ్రిక్, అదే, వరసకి 4 నుంచి 1 దాకా నాలుగు స్థాయిల గళ్ళున్న మార్కుల పట్టిక, చూశాను. వరసలు బాగానే ఉన్నాయి, మొత్తం 100కి సరిపోయింది. కానీ గళ్ళలో రాసిందేమిట్రా? "చాలా బాగుంది", "బాగుంది", "పర్వాలేదు", "మెరుగుపడాలి". దీంతో నువ్వు మార్కులైతే వేసేస్తావు గానీ, "సార్, నాకు 2 ఎందుకు, వాడికి 3 ఎందుకు?" అని ఎవడైనా అడిగితే నీళ్ళు నమలాల్సిందే. వీడియోని ఫలానా సెకను దగ్గర ఆపి "ఇదిగో, ఇందుకు" అని చూపించగలిగే మాటే గడిలో ఉండాలి.

శబ్దం వరస తీసుకో. 4 అంటే: ప్రతి మాటా ఒక్కసారికే అర్థమవుతుంది, షాటు మారినా గొంతు హెచ్చుతగ్గులు కాదు, మాట మొదలవగానే సంగీతం తగ్గుతుంది. 3 అంటే: మాటలన్నీ తెలుస్తాయి, ఒకటి రెండు చోట్ల మాత్రం గొంతు ఎగుడుదిగుడు. 2 అంటే: కొన్ని మాటల కోసం వాల్యూమ్ పెంచుకోవాలి, లేదా వెనక్కి జరిపి వినాలి. 1 అంటే: ముఖ్యమైన విషయమే వినపడదు. ఇలా రాస్తే వాదనకి చోటుండదు.

అన్నట్టు, శబ్దానికి 10, కెమెరాకి 35 ఇచ్చావేం? బొమ్మ కాస్త ఊగినా జనం చూస్తారు, మాట వినపడకపోతే కట్టేస్తారు. రెండిటికీ చెరో 20 పెట్టు. కథనానికి 25, స్క్రిప్టు, స్టోరీబోర్డులకి (షాట్లని ముందే బొమ్మలుగా గీసుకున్న కాగితాలు) 15, ఎడిటింగ్‌కి 15, క్రెడిట్లకి 5. పిల్లలు మార్కులున్న చోటే కష్టపడతారు. నిజానికి వాళ్ళ వీడియోలు ఎక్కువగా చెడేది శబ్దం దగ్గరే: ఫోను మూడు మీటర్ల దూరంలో పెట్టి తీస్తారు, గది ప్రతిధ్వనంతా అందులో పడుతుంది. రెండో ఫోనుని మాట్లాడేవాళ్ళ దగ్గర పెట్టి విడిగా రికార్డు చేయమను. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో రెండిటినీ కలపడం తేలిక. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరసగా పేర్చే చోట) గొంతు గరిష్ఠాలు −12 నుంచి −6 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు. రికార్డింగ్‌లోనే సున్నా (ఆ కొలతలో పై హద్దు) తాకి పగిలిన గొంతుని తర్వాత తగ్గించినా ఆ గరగర పోదు.

కెమెరా వరసలో ఫోను ఖరీదుకి మార్కులు పడకుండా చూసుకో. కిటికీని వెనక పెట్టి మొహాన్ని నల్లగా చేశారా, తల పైన ఎంత జాగా వదిలారు, ఫోకస్ ఎవరి మీద ఉంది - ఇవన్నీ ఏ ఫోనుతోనైనా సరిగా చేయగలిగినవే. "సృజనాత్మకత" వరస మాత్రం తీసెయ్. అది చివరికి నీ అభిరుచి వరసై కూర్చుంటుంది.

ఒక తప్పుకి రెండు కోతలు పడటం ఇంకో చిక్కు. మసకగా వచ్చిన షాటుకి కెమెరాలో కోసి, దాన్ని తీసేయలేదని ఎడిటింగ్‌లోనూ కోస్తాం. ఏ తప్పు ఏ వరసదో ముందే తేల్చుకో.

ఫైలు సంగతులకి అసలు మార్కులే వద్దు. ఎంపీ4లో ఉందా, మూడు నిమిషాలు దాటలేదా, అంతే. కొందరు ఎక్స్‌పోర్ట్ చేయకుండా ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలునే పంపుతారు, తెరిస్తే క్లిప్పులన్నీ గల్లంతు. దాన్ని దిద్దకుండా తిప్పి పంపెయ్.

చూసేటప్పుడు మొదటిసారి పెన్ను పట్టకుండా చూడు. రెండోసారి రూబ్రిక్ ముందు పెట్టుకుని, తగ్గించిన ప్రతిచోటా టైము రాసుకో. మూడోసారి తెర వైపు చూడకుండా విను. ఆరంభంలో ఒక్క అదిరిపోయే షాటుంటే మిగతా వరసలన్నిటికీ చెయ్యి జారుతుంది, దానికి ఇదే మందు. అన్నీ అయ్యాక మొదటి మూడు వీడియోలు మళ్ళీ చూడు, నీ కొలత మధ్యలో బిగిసిందో వదులైందో తెలుస్తుంది.

లెక్క కూడా సరిచూసుకో. నాలుగు స్థాయిలైతే అన్నిట్లో 3 వచ్చినవాడికి 75, అన్నిట్లో 2 వస్తే 50. ఆ 50 నీ దృష్టిలో గట్టెక్కినట్టా, తప్పినట్టా? 2వ గడి మాటలు దాన్ని బట్టే రాయాలి.

షూటింగ్‌కి ముందే ఈ కాగితం పిల్లల చేతికివ్వు. రఫ్ కట్ (ఇంకా మెరుగులు దిద్దని మొదటి ఎడిటింగ్) రాగానే వాళ్ళకి వాళ్ళే మార్కులు వేసుకోమను, సరిచేసుకునే వ్యవధి ఇంకా ఉంటుంది. ఇంకో మాస్టారితో కలిసి రెండు వీడియోలు విడివిడిగా దిద్ది చూడండి. ఏ వరసలోనైనా ఒక స్థాయి కంటే ఎక్కువ తేడా వస్తే ఆ గడుల్లో మాటలు మళ్ళీ రాయాల్సిందే.

ముందు ఎడిటింగ్ వరస ఒక్కటి తిరగరాసి పంపు, చూసి చెబుతాను.

నీ,
శ్రీను