ఒక్క పాటకు రెండు గంటల హాలు ఎందుకన్నారు: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

హనుమకొండ నుంచి నమస్కరించి వ్రాయునది.

మా ఆల్బంను వినిపించే కార్యక్రమానికి హాలు అద్దె రాయితీ కోసం మా బృందం పెట్టుకున్న దరఖాస్తు నాలుగోసారి తిరిగి వచ్చింది. మూడు వినతిపత్రాలకు జవాబు లేకపోవడంతో ఈ మాటలు పదిమంది ముందు పెట్టక తప్పలేదు.

దరఖాస్తులో ‘ప్రక్రియ’ అనే గడి కింద శాస్త్రీయం, జానపదం, సినీ సంగీతం అని మూడే ఉన్నాయి. మాది ప్రోగ్రెసివ్ రాక్, అంటే సుదీర్ఘమైన, తాళాలు మారుతూ సాగే రచనలుండే రాక్ సంగీతం. ఆ మాటే పక్కన చేత్తో రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు. ఆల్బంలో జమిడిక అనే జానపద తంత్రీవాద్యం ఉంది కదా అని రెండోసారి జానపదానికి టిక్కు పెడితే, గిటారు ఉన్నది జానపదమెట్లా అవుతుందన్నారు. మూడోసారి ‘పాటల సంఖ్య’ దగ్గర బండి ఆగింది. ఆల్బమంతా ఒకే పాట కాబట్టి ఒకటి అని రాశాం. ఒక్క పాటకు రెండు గంటల హాలు ఎందుకని అడిగారు. దాని నిడివి 41 నిమిషాలని, ముందు రికార్డు వినిపించి ఆ తర్వాత వేదికపై వాయిస్తామని విన్నవించుకుంటే, ముక్కలు చేసి ఎనిమిది పాటలుగా రాసుకు రమ్మని సలహా ఇచ్చారు. నాలుగోసారి కారణం కూడా రాయలేదు.

అయ్యా, ఇది మేము పుట్టించిన వింత కాదు. జెత్రో టల్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1972లోనే ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ పేరుతో ఎల్పీ రికార్డు రెండు వైపులా ఒకే పాటను నింపింది. బ్రిటిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2025 మార్చిలో విడుదల చేసిన ‘ది ఓవర్‌వ్యూ’ ఆల్బంలో ఉన్నవి రెండే రచనలు. అంత దూరం ఎందుకు, రాత్రి పొద్దుపోయేదాకా సాగే ఒగ్గుకథను తమ కార్యాలయాల్లో ఎన్ని పాటలుగా లెక్కగడతారో తెలుసుకోగోరుతున్నాను. మా పాటలోని ఏడు దెబ్బల తాళం విని గందరగోళమన్న అధికారికి మన కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం కూడా ఏడేనని మేము గుర్తు చేయవలసి వచ్చింది.

కాజీపేటలో ఒక అద్దె గదిలో, ఫ్యాను ఆపుకొని, రెండు రైలు కూతల మధ్య సందు చూసుకొని రికార్డు చేసిన ఆల్బం ఇది. పదకొండో నిమిషంలో డ్రమ్స్, గిటారు ఆగిపోతాయి. బైండ్ల కళాకారుడైన ఒక పెద్దాయన జమిడిక తంత్రిని బిగిస్తూ, వదులుతూ మీటుతుంటే, జారిపోయే ఆ శ్రుతి వెంట సింథసైజర్ నడుస్తుంది. ఎనిమిది ముక్కలే నియమమైతే, కత్తెర ఎక్కడెక్కడ పెట్టాలో తమ శాఖవారే గుర్తులు పెట్టి ఇప్పించగలరు.

దరఖాస్తులో ‘ఇతరములు’ అని ఒక్క గడి చేర్పించండి. అది కాకుంటే తిరస్కరణకు కారణమైనా రాతపూర్వకంగా ఇప్పించండి. అదీ వీలుకాకుంటే ఒక తేదీ ఇప్పించండి, పనిదినమైనా, మధ్యాహ్నమైనా సరే. ఆ పెద్దాయన ప్రతి ఆదివారం ఫోన్ చేసి “తారీఖు పడ్డదా బిడ్డా?” అని అడుగుతున్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక బేస్ గిటారు వాద్యకారుడు,
హనుమకొండ