స్తూపం మీది పేర్లకు చెయ్యి వేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

డిసెంబరు 4న, 1971 యుద్ధంలో మన నేవీ పాకిస్తాన్‌లోని కరాచీ మీద దాడి చేసిన రోజుకు గుర్తుగా, విశాఖ బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దగ్గర నేవీవాళ్లు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. కాలనీల్లోని అమరవీరుల స్తూపాల బాగోగులు మాత్రం కాలనీవాళ్లవే. మన స్తూపం మీది పేర్లు ఈసారి ఆ రోజుకల్లా చదవడానికి వచ్చాయి. అందుకు కారణమైనవాళ్లకు ఈ నాలుగు మాటలు.

ముందు రాతి మేస్త్రిగారికి. పలక మూలల్లో పగుళ్లు రాయి లోపం కాదని చూడగానే చెప్పారు. లోపలి ఇనప బోల్టులు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉబ్బాయి, రాయి సాగదు కదా, చీలింది. నాలుగూ తీసేసి ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించారు. 304 చవకే గానీ సముద్రం పక్కన మచ్చలు పడుతుంది. పాచికి బాత్రూం యాసిడ్ పోద్దామన్నవాళ్లను ఆపిందీ ఆయనే. యాసిడ్ అతుకుల్లోని సిమెంటును తినేస్తుంది, రాయిలో ఇనుముంటే పసుపు మరకలు తేలతాయి. మంచినీళ్లు, బకెట్‌కు రెండు చుక్కల లిక్విడ్ సబ్బు, నైలాన్ బ్రష్ చాలు. వైరు బ్రష్ అసలే వద్దు, తెగిన తీగలు అక్షరాల గాళ్లలో ఇరుక్కుని తుప్పు చుక్కలవుతాయి.

పెయింటర్‌కి రెండో దండం. అందరూ బంగారు రంగే అడిగారు. అందులో ఉండేది ఇత్తడి పొడి, ఇక్కడి గాలికి నల్లబడుతుందని తెల్ల ఎనామిల్ నింపాడు. పైన పొర కట్టాక బ్లేడును రాతి మీద పడుకోబెట్టి గీకితే ఒక్కో అక్షరం అంచు గీత గీసినట్టు తేలింది.

పేర్లు సరిచూసిన మాజీ సైనికులిద్దరికీ, తెలుగు టీచరమ్మకీ ఎంత చెప్పినా తక్కువే. 1971 డిసెంబరు 9న మునిగిన మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీతో 194 మంది సముద్రంలోనే ఉండిపోయారు. అలా పోయినవాళ్లకు సమాధి ఉండదు, రాతి మీద పేరొక్కటే. రికార్డులేమో ఇంగ్లీషులో ఉంటాయి. అందులోని ‘టి’ మనకు ట అవుతుందో త అవుతుందో ఇంటివాళ్లే చెప్పాలి. అందుకే పేరు, ర్యాంకు, సర్వీసు నంబరు, తేదీ అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, ఇంటింటికీ పట్టుకెళ్లి సంతకాలు పెట్టించాకే ఉలి ఆడింది. చెక్కాక తప్పు దొరికితే ఆ ఒక్క అక్షరాన్నీ చెరపలేం, పలక ముఖమంతా రెండు మూడు మిల్లీమీటర్లు అరగదీయాలి.

జెండా సగానికి దించుదామన్న మాటా వచ్చింది. అది ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నప్పుడే. జెండా స్తంభానికి దండ కట్టకూడదు, ఎగరేసే ముందు జెండా మడతల్లో పూలరేకులు మాత్రం ఉంచొచ్చు. ఇవి చెప్పిందీ ఆ మాజీ సైనికులిద్దరే.

బంతిపూల దండలు ఆ సాయంత్రమే తీసేసిన పిల్లలూ, బాగు చేశారర్రా! తడి పూలు రాత్రంతా ఉంటే మరక ఖాయం. దీపం పెట్టేవాళ్లు కింద పళ్లెం ఉంచండి, గ్రానైటు నూనె పీల్చేస్తుంది.

కింద ఒక వరుస ఖాళీగా ఎందుకుందని చాలామంది అడుగుతున్నారు. ఆ ఇంటిపేరులో ట-యో త-యో ఇంకా తేలలేదు. వాళ్లవాళ్లు సంక్రాంతికి వస్తున్నారు. మేస్త్రిగారు అప్పటిదాకా ఆగుతానన్నారు.