నేను చూడని ఉదయాన్ని నాచేత రాయించిన వారికి

నాన్న గురించి రాయాలని నాలుగేళ్లుగా అనుకుంటూ, ఎట్టకేలకు అరవై పేజీలు రాశాను. చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, పదవీ విరమణ, చివరి రోజులు అన్నీ వరుసగా ఉన్నాయి. నాన్న మాత్రం అందులో లేరు. ఆ సంగతి నాకు తెలియజెప్పి, మళ్లీ రాయించిన మాస్టారికీ, మా అక్కకూ, ఇద్దరు మిత్రులకూ అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మాస్టారు నా చిత్తుప్రతిని పది రోజులు దగ్గర పెట్టుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పటికి "కష్టజీవి", "నిరాడంబరుడు" లాంటి మాటల కిందంతా పెన్సిల్ గీతలు. "ఇవి ఏ తండ్రికైనా సరిపోతాయి. మీ నాన్నగారు మాత్రమే చేసిన పని ఒకటి చెప్పండి" అన్నారు. తడుముకోకుండా చెప్పాను. పదవీ విరమణ మర్నాడు కూడా నాన్న తెల్లవారుజామునే లేచి, గడప మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టారు. వెళ్లవలసిన చోటు లేదు. అయినా ముందు కుడిది, తర్వాత ఎడమది, మడమ అంచుల దాకా బ్రష్‌తో రుద్ది, జతగా గోడ వారన పెట్టి, వాటి వంక చూస్తూ ఉండిపోయారు.

"అరవై పేజీల్లో ఇది ఎందుకు లేదు?" అని అడిగారు మాస్టారు. నా దగ్గర జవాబు లేదు. ఆత్మకథలో జీవితమంతా చెప్పవచ్చు, జ్ఞాపకాల రచనకు మాత్రం వదలకుండా వెంటాడే ఒక్క ప్రశ్న చాలని ఆయన వల్లే తెలిసింది.

ఆ ఘట్టం రాసి అక్కకు ఫోనులో చదివి వినిపించాను. కాసేపు మౌనంగా ఉండి, "ఆ రోజు నువ్వు ఇంట్లో లేవురా, హాస్టల్లో ఉన్నావు. ఇదంతా నేనే నీకు ఉత్తరం రాశాను" అంది.

నాకు పాలిష్ వాసన కూడా గుర్తుంది! కాగితాలు చింపేద్దామనుకున్నాను. మనస్తత్వ శాస్త్రం బోధించే మిత్రుడు ఆపాడు. జ్ఞాపకం అంటే దాచిన వస్తువును బయటికి తీయడం కాదని, తలచుకున్నప్పుడల్లా మనసు దాన్ని కొత్తగా కట్టుకుంటుందని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే రాశారట. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం గురించీ చెప్పాడు. కార్ల ప్రమాద దృశ్యాలు చూపించి, ప్రశ్నలో "తగిలినప్పుడు" అనే చోట "బలంగా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే, చూసినవారు చెప్పే వేగం పెరిగింది. వారం తర్వాత, అక్కడ లేని గాజు పెంకులను చూశామన్నవారూ వారిలోనే ఎక్కువ. అక్క ఉత్తరం నాలో చేసిన పని అలాంటిదే. ఈ మాట విన్నాక కాస్త ఊపిరి తీసుకోగలిగాను.

మాస్టారు మాత్రం ఇంకా ముందుకు నడిపించారు. "కొట్టేయకండి. చూడలేదన్న సంగతి కూడా రాయండి. ఇన్నేళ్లుగా మిమ్మల్ని మీరు ఆ గడప దగ్గర ఎందుకు నిలబెట్టుకున్నారో వెతకండి" అన్నారు. ఇప్పుడు ఆ అధ్యాయం "ఆ ఉదయం నేను అక్కడ లేను" అని మొదలవుతుంది. నాన్నకు దగ్గరగా ఉండాల్సిన రోజున దూరంగా ఉన్న కొడుకు కథ అది. అరవై పేజీలుగా నేను తప్పించుకు తిరిగింది దాన్నే.

తేదీలన్నీ పాత కాగితాలతో సరిచూసి, పదవీ విరమణ సంవత్సరం తప్పని పట్టుకున్న మరో మిత్రుడికి రుణపడి ఉన్నాను. అక్కకు ఇంకో ధన్యవాదం కూడా చెప్పాలి. తనకు సంబంధించిన ఒక సంఘటన తీసేయమని సూటిగా అడిగింది, తీసేశాను. బతికున్నవారి గురించి రాసిన పేజీని అచ్చుకు ముందే వారికి చూపించడం మన బాధ్యత అని నా నమ్మకం. ఆమె అలా అడగడం వల్లే మిగతా పేజీలను ధైర్యంగా ఉంచగలిగాను.

మాస్టారూ, రెండో అధ్యాయం ఆదివారానికి పంపుతాను. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.