పానీపూరీ బండి మీదే నిందా?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో విరేచనాల కేసులు పెరిగాయంటే చాలు, మొదటి వేటు పానీపూరీ బండి మీదే. అధికారులు వచ్చి బండి ఎత్తేస్తారు, నాలుగు రోజులు హడావిడి, తర్వాత మామూలే. ఆ పానీలో కలిపిన కొత్తిమీర, పుదీనా ఏ మడిలో పెరిగాయో, ఏ నీళ్లతో కడిగారో అడిగేవాళ్లు లేరు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులు వాడొద్దంది. సంతోషమే. రంగయితే కంటికి కనిపిస్తుంది మరి, పరాన్నజీవి కనిపించదు.

నేను చాలా ఏళ్లు డయాగ్నొస్టిక్ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేశాను. మలపరీక్ష అంటే ఒక చుక్క సెలైన్‌లో, ఒక చుక్క అయోడిన్‌లో కలిపి స్లైడ్ చూడడమే. అమీబా, జియార్డియా లాంటి పరాన్నజీవులు అలా దొరుకుతాయి. కలుషితమైన ఆకుకూరలతో, నీళ్లతో కడుపులోకి పోయే క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా అనే పరాన్నజీవులు దొరకాలంటే వేరే స్టెయిన్ (రంగు మందు) వెయ్యాలి, అప్పుడే ఎర్రగా గుండ్రంగా బయటపడతాయి. డాక్టరు చీటీలో ప్రత్యేకంగా రాస్తే తప్ప మేం ఆ స్టెయిన్ జోలికి పోయేవాళ్లం కాదు. రిపోర్టు ‘నార్మల్’ అని వెళ్లిపోతుంది, రోగి అమీబాకు ఇచ్చే మెట్రోనిడజోల్ మాత్రలు మింగుతూ ఉంటాడు. సైక్లోస్పోరాకు ఆ మందు పనిచెయ్యదు.

పోనీ స్లైడ్‌లో దొరికినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో మైక్రోస్కోపు చెప్పదు. అన్నీ ఒకేలా ఉంటాయి, తేడా అంతా జన్యువుల్లోనే. 1996లో అమెరికా, కెనడాల్లో 1,465 మందికి సైక్లోస్పోరా సోకినప్పుడు మొదట కాలిఫోర్నియా స్ట్రాబెర్రీల మీద అనుమానం పడింది. అక్కడి రైతులు బాగా నష్టపోయాక, అసలు కారణం గ్వాటెమాలా నుంచి వచ్చిన రాస్ప్‌బెర్రీలని తేలింది. ఇప్పుడు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, రోగుల నమూనాల్లో 8 జన్యు గుర్తులు చదివి, ఒకే రకం గుర్తులున్నవాళ్లు ఒకే సరుకు తిన్నారేమోనని ఆరా తీస్తుంది. సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా అయితే ల్యాబు ప్లేటు మీద పెంచి కావలసినంత డీఎన్ఏ తీయొచ్చు. సైక్లోస్పోరాను ల్యాబులో పెంచడం కుదరదు. ఉన్న కాస్త మలంలోంచే, బాక్టీరియా డీఎన్ఏ గుట్టలోంచి దాన్ని ఏరుకోవాలి. అందుకే మొత్తం జీనోమ్ (జన్యువులన్నీ) కాకుండా కొన్ని ముక్కలే చదవడం. జన్యువులు దారి చూపిస్తాయంతే, సరుకు ఎక్కడ కొన్నారన్న బిల్లులు కూడా కావాలి.

మనకేం తక్కువ? 2020 డిసెంబరులో కరోనా వేరియంట్ల జన్యువులు చదవడానికి ఇన్సాకాగ్ అనే ల్యాబుల కూటమి మొదలైనప్పుడు, దేశం మొత్తంలో ఎంపికైన 10 ల్యాబుల్లో మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్, జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్-ఇన్‌స్టెమ్ మన ఊరివే. అందులోనూ నిమ్హాన్స్ డాక్టర్లకు కూరగాయలతో వచ్చే పరాన్నజీవుల బాధ కొత్త కాదు. బద్దెపురుగు గుడ్లు పచ్చి కూరగాయలతో కడుపులోకి పోయి, మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెప్పిస్తాయి. పంది మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. (ఆ మాట చెబితే మా వీధిలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.)

అయితే జన్యువులు చదివే మెషీన్లుంటే చాలదు, శాంపిల్ ఉండాలి. ఇప్పుడు రిపోర్టు ఇచ్చిన మర్నాడే డబ్బా చెత్తలోకి పోతోంది. రెండు వారాలు దాటిన విరేచనాలన్నిటికీ ఆ స్టెయిన్ తప్పనిసరి చెయ్యమని ఆరోగ్య శాఖను కోరుతున్నాను. పాజిటివ్ వస్తే రోగి అంతకుముందు రెండు వారాల్లో ఏ ఆకుకూర ఎక్కడ కొన్నాడో రాసుకోవాలి. కేఆర్ మార్కెట్‌లో దిగే ఆకుకూర కట్టల నుంచీ నమూనాలు తీయాలి. ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి, రోగి బిల్లులో వేస్తే చేయించుకునేవాళ్లుండరు. ఇంకో మాట, శాంపిల్ కుళ్లకుండా కలిపే ఫార్మలిన్ పడితే డీఎన్ఏ పాడవుతుంది. కాబట్టి ప్రతి పాజిటివ్ శాంపిల్‌లో కొంత భాగం ఫార్మలిన్ కలపకుండా ఫ్రీజర్‌లో పెట్టాలని ల్యాబులకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.

— ఒక మాజీ ల్యాబ్ టెక్నీషియన్,
కృష్ణరాజపురం, బెంగళూరు