పక్షుల స్నానాల గురించి తెనాలి మావయ్యకి

రెడింగ్, ఇంగ్లండ్,
మార్చి 2

మావయ్యకి నమస్కారాలు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. ఇక్కడ మేమంతా కులాసా.

మొన్న నేను పంపిన పిట్ట స్నానం ఫొటో చూసి ఫోన్లో "ఆ నీళ్ళ చుక్కలు గాల్లో అలా ఎలా నిలబడ్డాయే? కంప్యూటర్లో ఏమన్నా అతికించావా?" అని అడిగారు కదా. ఆఫీసు మీటింగు మొదలవుతుంటే అప్పుడు మాట దాటేశాను. అతికించింది ఏమీ లేదు మావయ్యా. వాట్సాప్‌లో పంపితే ఫొటో సగం చచ్చిపోతుంది. మీరేమో కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు. అందుకే మంచివి ఏరి, మ్యాట్ పేపరు మీద వేయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వెనక పెన్సిలుతో నంబర్లు వేశాను.

ముందు కుంట సంగతి. మేం ఈ ఇల్లు తీసుకునేనాటికే పెరట్లో ఉంది. గొయ్యి తవ్వి, నల్ల రబ్బరు షీటు పరిచి నీళ్ళు నింపారు, అంతే. రెండు నవారు మంచాలు వేసేంత జాగా ఉంటుంది. చేపలు లేవు, కప్పలున్నాయి. ఈ నెలలో అంచుల్లో గుడ్లు పెడతాయి, జిగురు ముద్దలు ముద్దలుగా. మొదట్లో పక్షులు వచ్చి అంచు మీద నిలబడి రెండు గుక్కలు తాగి పోయేవి తప్ప ఒక్కటీ దిగేది కాదు. దిగాలంటే కాళ్ళకి నేల తగలాలి కదా. ఇక్కడి రాబిన్ అనే పిట్ట బరువు 20 గ్రాములు అటూ ఇటూ. దాని పొట్ట తడిసేంత నీళ్ళు చాలు, అంతకు మించితే దానికి ఏరే. మా కుంట అంచేమో గోడలాగా నిటారుగా ఉంది.

అందుకని ఒక మూల గులకరాళ్ళు పోసి ఏటవాలు చేశాం. గట్టు దగ్గర నీళ్ళే ఉండవు, లోపలికి పోయేకొద్దీ మూడంగుళాలు. పక్కన ఒక గరుకు పలక రాయి వేశాం, నున్నటి రాయైతే గోళ్ళకి పట్టు దొరకదు. ఆరేడు అడుగుల దూరంలో ముళ్ళకంచె ఉంది. తడిసిన పిట్ట దూరం ఎగరలేదు, ఏదన్నా వస్తే చటుక్కున దూరడానికి అది ఉండాలి. మరీ ఆనుకుని ఉంటే మాత్రం పక్కింటి పిల్లి అందులోనే నక్కుతుంది. రాళ్ళు పోసిన వారంలోనే స్నానాలు మొదలయ్యాయి.

నన్నడిగితే ఫొటో సగం అక్కడే అయిపోయింది. స్టూడియోలో మీరు చేసిందీ అదేగా. గిరాకీ లోపలికి అడుగు పెట్టకముందే స్టూలు ఎక్కడ వెయ్యాలో, ఏ పరదా దించాలో, గొడుగు లైటు ఎంత ఎత్తులో ఉండాలో అంతా అయిపోయేది. వచ్చినవాడు పౌడరు రాసుకుని కూచోవడమే తరువాయి. ఇక్కడ కూచునేవాడు ఎప్పుడొస్తాడో తెలీదు, గడ్డం పైకెత్తమంటే ఎత్తడు. మిగతా అంతా మీ పద్ధతే.

కుంటకి తూర్పు వైపు కంచె, పడమర వైపు పాత సామాన్ల షెడ్డు. నేను షెడ్డు గుమ్మంలో చాప వేసుకుని కూచుంటాను, ముందు ఒక ముతక గుడ్డ తెర, దానికి లెన్సు పట్టేంత కన్నం. పొద్దున ఎండ పక్షి వెనక నుంచి నాకెదురుగా వస్తుంది. ఎదురెండలో ఫొటో తీస్తే మొహం నల్లబడుతుందని మీరు ఎన్నిసార్లు కసిరారో! కానీ నీళ్ళ చుక్కకి వెలుగు వెనక నుంచే పడాలి, ఆ వెనక నీడ ఉండాలి. ఎండ కంచె మీదుగా దిగి నీళ్ళ మీద పడే సమయంలో కంచెకి నావైపున్న భాగం ఇంకా చీకటిగానే ఉంటుంది. ఆ నల్లటి పరదా ముందు ఒక్కో చుక్కా వెలుగుతుంది. ఎండ నడినెత్తికి వచ్చాక అవే చుక్కలు కనబడనే కనబడవు.

కెమెరా నేలకి ఆనించాల్సిందే. నిలబడి తీస్తే పక్షి వీపు, చుట్టూ బురద నీళ్ళు వస్తాయి. లెన్సు నీటి మట్టానికి దించితే దాని కంట్లో కన్ను పెట్టి చూసినట్టు ఉంటుంది, కింద నీళ్ళలో దాని ప్రతిబింబం కూడా పడుతుంది. దానికోసం బోర్లా పడుకోనక్కర్లేదు. ఈ కెమెరా వెనక తెర బయటికి లాగి పైకి తిప్పుకోవచ్చు. తల వంచుకుని పైనుంచి చూడటమే. మీ పాత ఫిల్ము కెమెరా యాషికా మ్యాట్‌లో చూసినట్టే, కాకపోతే ఇందులో కుడి ఎడమలు తారుమారు కావు. పదేళ్ళ పిల్లగా నేను ఆ మూత తెరిచి లోపలికి చూస్తుంటే మీరు నెత్తిన మొట్టేవారు.

ఇక చుక్కల సంగతి. యాషికాలో షట్టరు స్పీడు 500 దగ్గర ఆగిపోతుంది కదా. దీన్ని 2,500 మీద పెట్టాను. సెకనులో రెండువేల అయిదువందలో వంతు. అంత తక్కువ సేపట్లో చుక్క కదలడానికి వ్యవధి లేదు, అందుకే గాల్లో నిలబడ్డట్టుంది. 4వ నంబరు ఫొటో అదే. చప్పుడు లేకుండా సెకనుకి 20 ఫొటోలు తీస్తుంది. మీకు 120 రీలంటే 12 ఫొటోలు, ఒక్కోటి లెక్క చూసుకుని నొక్కేవారు. ఇందులో ఒక్క స్నానానికి వందల కొద్దీ పడతాయి. తర్వాత కూచుని వాటిని ఏరడం, తుడిచెయ్యడం పెద్ద చాకిరీ.

అన్ని తీసినా ఎందుకు పాడవుతాయంటారా? కన్ను వల్ల. పక్షులకి మన రెప్పలు కాక లోపల ఇంకో పల్చటి పొర ఉంటుంది, కంటికి అడ్డంగా జరుగుతుంది. తల నీళ్ళలో ముంచినప్పుడల్లా అది మూసుకుంటుంది. ఫొటోలో కన్ను పాలరంగులో, గుడ్డిదానిలాగా పడుతుంది. చుక్కలు అద్భుతంగా వచ్చి, రెక్క అందంగా విచ్చుకుని, కన్ను మటుకు తెల్లగా! పెళ్ళి గ్రూపు ఫొటోలో అందరూ బాగా పడి పెళ్ళికూతురు కళ్ళు మూసుకున్నప్పుడు మీరు తిట్టుకునే తిట్లన్నీ నాకిప్పుడు పనికొస్తున్నాయి.

రాబిన్ స్నానం ఎలా ఉంటుందో చెబుతాను. మొహం, రొమ్ము నారింజ రంగు, మిగతాది మట్టిరంగు. మనిషిని చూసి బెదరదు. పెరట్లో తవ్వుతుంటే వానపాముల కోసం గడ్డపార పక్కనే తిరుగుతుంది. ముందు పలక రాయి మీద వాలి నాలుగు దిక్కులా చూస్తుంది. ఒక కాలు పెడుతుంది. పైకెగిరి కంచె మీదికి పోతుంది. మళ్ళీ వస్తుంది. ఈసారి పొట్ట ఆనేదాకా దిగి, రొమ్ము ముంచి, తలని పక్కకి విసిరినట్టు తిప్పి నీళ్ళు వీపు మీదికి తోసుకుంటుంది. ఈకలన్నీ పొంగుతాయి, నీళ్ళు వాటి మొదళ్ళ దాకా పోవాలి మరి. రెక్కలు దడదడా కొట్టుకుంటాయి. ఆ దడదడ మధ్యలో తల ఒక్క క్షణం కదలకుండా ఆగుతుంది. నేను కాచుకుని కూచునేది ఆ క్షణం కోసమే.

7వ నంబరు చూడండి. స్పీడు బాగా దించి, 200 మీద తీశాను. రెక్కలు పొగలాగా, నీళ్ళు తెల్లటి గీతల్లాగా వచ్చాయి, తల ఒక్కటే నిలకడగా ఉంది. ఇక్కడ చూసినవాళ్ళందరూ 4ని మెచ్చుకుంటున్నారు. నాకేమో 4లో నీళ్ళు గాజు పూసల్లా గడ్డకట్టుకుపోయాయి అనిపిస్తుంది. నీళ్ళకి కదలిక ఉండాలి కదా. ఈ మధ్య ప్రతి పక్షి ఫొటోలోనూ ఇవే పూసలు, చూసి చూసి విసుగొచ్చింది.

స్నానం అయ్యాక కొమ్మ మీద కూచుని తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకి రాసుకుంటుంది. ఒక్కో ఈకనీ దువ్వి సర్దుతుంది. ఇది సోకు కాదు, ఈకలు సరిగ్గా ఉంటేనే లోపల గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది. అందుకే జనవరిలో కుంట గడ్డ కట్టినా వీటి స్నానాలు ఆగలేదు. గడ్డని పగలగొట్టకూడదు, ఉప్పు వెయ్యకూడదు. మరిగిన నీళ్ళ గిన్నె దానిమీద పెడితే మెల్లగా కరిగి కన్నం పడుతుంది. చేతులు కొంకర్లు పోతుంటే నేను గిన్నె తీసి షెడ్డులోకి పోయేలోపలే పిట్ట అందులో దిగేది! మా ఆయన కిటికీలోంచి చూసి "దానికన్నా బుద్ధి లేదు సరే" అన్నారు. మిగతా సగం నా గురించే అనుకుంటాను.

స్టార్లింగులు వచ్చాయంటే ఇక రణరంగం. మన గోరింకల కుటుంబమే, అరుపులూ అలాంటివే. ఒకేసారి డజను దిగి, ఒకదాన్నొకటి తోసుకుని, సగం నీళ్ళు బయట పోసి పోతాయి. ఇంత తోపులాటలో ఫోకసు దేనిమీద పెట్టాలో కెమెరాకే పాలుపోదు. అడవి పావురం వేరే రకం, లావుగా బైఠాయించి కదలదు. అది లేచి వెళ్ళాక నీళ్ళ మీద తెల్లటి పొడి తెట్టుగా తేలుతుంది. వాటి ఒంటిమీద కొన్ని ఈకలు పొడిగా రాలుతూ ఉంటాయి, అదన్నమాట. ఆ తెట్టు పోయేదాకా నీళ్ళలో ప్రతిబింబం పడే ఫొటోలు తియ్యడానికి లేదు. జల్లెడతో తీసి, రాళ్ళు బ్రష్షుతో రుద్ది, కొత్త నీళ్ళు పోస్తాను. రుద్దడం ఫొటో కోసమే కాదు. ఇక్కడ గ్రీన్‌ఫించ్ అనే ఆకుపచ్చ పిట్టలు 2005 నుంచి ఒక గొంతు జబ్బుతో కుప్పలుగా పోయాయి. పక్షులు గుమిగూడే మేత, నీళ్ళ దగ్గర అది ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది.

9వ నంబరులో పక్షి లేదని వెనక్కి పంపకండి. అందులో ఉన్నవి ఉత్త నీళ్ళ సుడులే. స్టార్లింగులు మంచి జోరులో ఉండగా డేగ వచ్చింది, వీళ్ళు స్పారోహాక్ అంటారు. నేను దాన్ని చూడనేలేదు, కంచె మీదుగా ఒక బూడిదరంగు గీత పోయింది. కెమెరా కదిలేలోపల కుంట ఖాళీ. నూకాసిల్ యూనివర్సిటీలో స్టార్లింగుల మీద ఒక పరీక్ష చేశారు. నిలువునా తాళ్ళు వేలాడదీసి, వాటి మధ్య నుంచి బెదిరి ఎగిరిపోయేలా చేస్తే, స్నానానికి నీళ్ళు దొరకని పక్షులు ఎక్కువ తాళ్ళకి తగిలాయట. స్నానం చెయ్యకపోతే సరిగ్గా ఎగరడం కుదరదు, చేస్తుంటే డేగ వచ్చి పడుతుంది. ఆ కుంట దగ్గర అవి అన్నిసార్లు అటూ ఇటూ ఎందుకు చూస్తాయో అది చదివాక అర్థమైంది.

11వ నంబరు అత్తయ్యకి. అవును, రామచిలకలే! మన జామచెట్టు మీదికొచ్చే రకమే. పంజరాల నుంచి తప్పించుకున్నవి 50 ఏళ్ళకు పైగా ఈ దేశంలో గూళ్ళు పెడుతున్నాయి. లండను చుట్టుపక్కల గుంపులు గుంపులు. వాటి డీఎన్ఏ చూస్తే ఎక్కువ భాగం పాకిస్తాన్, ఉత్తర భారతం వైపు నుంచి వచ్చినవే అని తేలింది. మెడకి గులాబీ, నలుపు కంటె ఉన్నది మగది. పక్కింటి పెద్దావిడకి వీటి గోల అంటే మంట. నా ముందు తిట్టి, మళ్ళీ నన్ను చూసి "నువ్వేమీ అనుకోకు" అంటుంది. వీసా అడిగేవాళ్ళు లేరు కాబట్టి అవి హాయిగా ఉన్నాయి.

పిచ్చుకలూ అచ్చం మనవే. ఇక్కడ 1979 నుంచి ఏటా జనవరి చివర్లో జనం గంటసేపు కూచుని పెరట్లో పక్షుల్ని లెక్కపెట్టి పంపుతారు. ఒకేసారి కంటికి ఎన్ని కనబడ్డాయో అదే లెక్క. లేకపోతే వచ్చిన పిచ్చుకనే పదిసార్లు రాసేస్తారు. అందులో ఏళ్ళ తరబడి మొదటి స్థానం పిచ్చుకదే, అయినా ఆ కాలంతో పోలిస్తే బాగా తగ్గిపోయి ఇప్పుడు ప్రమాదపు జాబితాలో ఉంది.

అక్కడ ఎండలు మొదలై ఉంటాయి. జామచెట్టు కింద ఒక వెడల్పాటి మట్టి మూకుట్లో రెండంగుళాల నీళ్ళు పోసి, మధ్యలో గరుకు రాయి ఒకటి పెట్టండి. రోజూ కడిగి మార్చమని పనమ్మాయికి చెప్పండి, లేకపోతే దోమలు చేరతాయి. గోరింకలు తప్పక వస్తాయి, పిచ్చుకల సంగతి మీరే చెప్పాలి. వంటింటి కిటికీలోంచి పొద్దున ఎండ ఏ వైపు నుంచి పడుతుందో చూసుకుని మూకుడు జరుపుకుంటే చాలు. ఫోనుతోనే తీసి పంపండి. యాషికా షట్టరు ఇంకా పనిచేస్తుంటే 120 రీళ్ళు ఇక్కడ దొరుకుతున్నాయి, జూలైలో వచ్చేటప్పుడు తెస్తాను.

4, 7 పక్క పక్కన పెట్టుకుని చూసి, ఏది బాగుందో నిజం చెప్పండి. మేనకోడలు కదా అని రెండూ బాగున్నాయి అనొద్దు.

ఉంటాను మావయ్యా,
మీ బుజ్జి